ఇంట్లో మ్యూస్లీ: గింజ ఎంత, తీపి ఎంత

తొలి ఏకాదశి వచ్చిందంటే వరంగల్, కరీంనగర్ ఊళ్లలో పేలాల పిండి ఉండాల్సిందే. జొన్నలో మక్కలో వేయించి పేలాలు చేస్తారు. వాటిని తిరగట్లో విసిరి పిండి చేసి, బెల్లం, యాలకులు కలుపుతారు. కొన్ని ఇళ్లలో నువ్వులు, పుట్నాలు కూడా పడతాయి. పిడికెడు తింటే ఆకలి ఆగుతుంది, మళ్లీ పొయ్యి వెలిగించే పని లేదు, కొన్ని రోజులు నిలవ ఉంటుంది. హన్మకొండ సూపర్ మార్కెట్లలో ఇప్పుడు మ్యూస్లీ పేరుతో కనిపించే డబ్బా చేసే పని కూడా దాదాపు ఇదే. ముందే వేడి తగిలిన ధాన్యం, దానికి తోడు నూనె గింజలు, కాస్త తీపి. వండక్కర్లేదు, పాలో పెరుగో కలుపుకుంటే సరిపోతుంది.

కాబట్టి మ్యూస్లీని ఇంట్లో చేసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. వేయించడం, చల్లార్చడం, కలపడం ఈ ప్రాంతపు వంటింటికి కొట్టిన పిండి. తడబాటు వచ్చేది పాళ్ల దగ్గర. ఓట్స్, బాదం, తేనె, కిస్మిస్ అనే పేర్లు చూసి అంతా ఆరోగ్యమే అనుకుంటారు. అవే నాలుగు వస్తువులతో పొద్దుటి పూట కడుపు నింపే మంచి తిండీ చేయొచ్చు, లడ్డూకు ఏమాత్రం తీసిపోని మిఠాయీ చేయొచ్చు. తేడా తూకంలో ఉంది.

స్విట్జర్లాండ్ డాక్టరు లెక్క

మ్యూస్లీ స్విట్జర్లాండ్ మాట. అక్కడి జర్మన్ యాసలో మెత్తటి జావలాంటి తిండికి ఉన్న పేరును ముద్దుగా పలికితే మ్యూస్లీ అయింది. జ్యూరిక్‌లో వైద్యం చేసిన మాక్సిమిలియన్ బిర్చర్-బెన్నర్ 1900 ప్రాంతంలో తన రోగుల కోసం దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1904లో ఊరి పక్క కొండ మీద ఆయన తెరిచిన ఆరోగ్యాలయంలో రోగులకు ఇది రోజూ పెట్టేవారు. ఆల్ప్స్ కొండల్లో తిరుగుతున్నప్పుడు పశువుల కాపరులు తినే తిండిని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆయన మాత్రం దీన్ని మ్యూస్లీ అనలేదు, ఆపిల్ పథ్యం అన్నాడు.

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఆయన కొలత ప్రకారం ఒక మనిషికి ఓట్స్ ఒక్క టేబుల్ స్పూను. అవి మూడు స్పూన్ల నీళ్లలో రాత్రంతా నానాలి. పొద్దున అందులో నిమ్మరసం, ఒక స్పూను తియ్యటి కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, ఒక పెద్ద ఆపిల్‌ను తొక్కతో సహా అప్పటికప్పుడు తురిమి వేయాలి. పైన దంచిన బాదమో హేజల్‌నట్టో చల్లాలి. గిన్నెలో ఎక్కువ భాగం పచ్చి పండే. ధాన్యం దానికి తోడుగా వచ్చింది, అంతే.

నూరేళ్లు గడిచేసరికి ఈ లెక్క తలకిందులైంది. పచ్చి పండు డబ్బాలో నిలవ ఉండదు కాబట్టి దాని చోటులోకి ఎండు పండ్లు వచ్చాయి, వాటి చోటులోకి చక్కెర పట్టించిన పండ్ల ముక్కలు వచ్చాయి. ధాన్యం ముందుకు వచ్చింది. ధాన్యం ముందుకు రావడంలో తప్పు లేదు. బిర్చర్ గిన్నె భోజనానికి ముందు తినే పథ్యం, మనకు కావలసింది పొద్దుటి టిఫిన్. ఒక స్పూను ఓట్స్‌తో మధ్యాహ్నం దాకా ఎవరూ ఉండలేరు. కానీ పండు పూర్తిగా పోయి, ఆ ఖాళీని తీపి నింపడం మాత్రం మంచి మార్పు కాదు. ఇంట్లో చేసుకునేవారు ముందుగా సరిదిద్దాల్సింది ఇదే.

ఇంకో తేడా కూడా తెలియాలి. నూనె, తేనె లేదా పాకం పట్టించి ఓవెన్‌లో కాల్చితే అది గ్రానోలా. కరకరలాడుతుంది, ఉండలు ఉండలుగా ఉంటుంది, రుచి బాగుంటుంది. ఆ కరకరకు కారణం నూనె, చక్కెరే. అసలైన మ్యూస్లీని అలా నూనె, పాకం పట్టించి కాల్చరు. ‘క్రంచీ మ్యూస్లీ’ అని డబ్బా మీద రాసి ఉన్నవాటిలో చాలావరకు గ్రానోలాకు దగ్గరివే.

డబ్బా కొనాల్సి వస్తే వెనక వైపు చూడటం అలవాటు చేసుకోవాలి. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం పదార్థాలను బరువు ఎక్కువ ఉన్న వాటి నుంచి తక్కువ ఉన్న వాటి వరకు వరసగా రాయాలి. మొదటి మూడింటిలో చక్కెర ఉందంటే ఆ డబ్బా సంగతి అర్థమైనట్టే. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె, బెల్లం అని విడివిడిగా రాసినా అన్నీ ఒకే గూటి పక్షులు. వంద గ్రాముల్లో చక్కెర 20 గ్రాములని ఉంటే, 50 గ్రాముల గిన్నెలో 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్ల పైమాటే. టీలో చక్కెర మానేసిన మనిషి కూడా ఆ రెండు స్పూన్లను ఆరోగ్యం పేరుతో తినేస్తాడు.

సర్వపిండిలో ఉన్న తెలివి

వరంగల్ వంటింట్లో సర్వపిండి ఎలా తడుపుతారో చూస్తే మ్యూస్లీ సూత్రం సులువుగా అర్థమవుతుంది. బియ్యప్పిండి ప్రధానం. అందులో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు పడతాయి. రుచి కోసం పుట్టిన కలయిక అయినా పోషకాల పరంగా కూడా ఇది చాలా సరైన జోడీ. ధాన్యాల ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది బాగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నువ్వుల్లో ఎక్కువ. మూడూ ఒక చోట చేరితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

పెద్ద కంపెనీల మ్యూస్లీలో ధాన్యం, నట్స్ ఉంటాయి కానీ పప్పు జాతి గింజ అరుదు. ఇంట్లో చేసేవారు పుట్నాలు వేస్తే ఆ లోటు తీరిపోతుంది. పల్లీ కూడా వృక్షశాస్త్రం ప్రకారం పప్పు జాతిదే. వంద గ్రాముల పల్లీల్లో ప్రోటీన్ సుమారు 25 గ్రాములు, బాదంలో 20 గ్రాముల పైచిలుకు. ధర చూస్తే రెంటికీ పోలికే లేదు. మ్యూస్లీ అంటే బాదం, వాల్‌నట్, క్రాన్‌బెర్రీ ఉండి తీరాలన్న భయంతో ఖర్చుకు వెనకాడే ఇళ్లు ఉన్నాయి. ఆ భయం అక్కర్లేదు. పల్లీలు ముఖ్యంగా, బాదం కొద్దిగా వేసుకుంటే చాలు.

ఇక ధాన్యం. ఓట్స్ ఉత్తర తెలంగాణ చేలలో పండే పంట కాదు. అయినా కిరాణా కొట్ల దాకా వచ్చేసింది, దాని మేలు కూడా నిజమే. అందులోని బీటా-గ్లూకాన్ అనే జిగురు పీచు చెడు కొలెస్ట్రాల్‌ను కొంత తగ్గిస్తుందని బాగా రుజువైంది. అయితే ఆ ఫలితానికి రోజుకు సుమారు 3 గ్రాముల బీటా-గ్లూకాన్ కావాలి, అంటే 75 గ్రాముల దాకా ఓట్స్. మ్యూస్లీ గిన్నెలో ఉండే 15, 20 గ్రాముల ఓట్స్‌తో కొలెస్ట్రాల్ దిగిపోతుందని ఆశపడటం సరికాదు. అదే ముఖ్య అవసరమైన వాళ్లు విడిగా ఓట్స్ జావ తాగడం మేలు. మ్యూస్లీకి మాత్రం రోల్డ్ ఓట్స్ తీసుకోవాలి. వాటిని ఆవిరి పట్టించి రోలర్ల మధ్య నొక్కుతారు కాబట్టి ఉడికించకుండా నానబెట్టి తినొచ్చు. మసాలా ఓట్స్, పొడి పొడిగా ఉండే ఇన్‌స్టంట్ ఓట్స్ దీనికి పనికిరావు.

ఆవిరి పట్టించడం వెనక ఇంకో కారణం ఉంది. ఓట్స్‌లో కొవ్వు కాస్త ఎక్కువ. గింజ నలిగితే అందులోని లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వు మీద పనిచేసి చేదు పుట్టిస్తుంది. ఆవిరి ఆ ఎంజైమును ఆపేస్తుంది. సజ్జ పిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కడం చాలామందికి అనుభవమే. అక్కడ జరిగేది కూడా ఇదే. సజ్జలు మ్యూస్లీలో వాడాలనుకునేవారు పిండి, రవ్వ రూపంలో కాకుండా అటుకుల రూపంలోనే, కొద్ది మొత్తంలో కొనాలి.

ఓట్స్‌కు సరిజోడు జొన్న అటుకులు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న అటుకులు, జొన్న రవ్వ లాంటి వాటి తయారీ మీద చాలాకాలంగా పనిచేస్తోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తర్వాత ఇవి చిన్న పట్టణాల దుకాణాల్లోనూ కనిపిస్తున్నాయి. జొన్న రొట్టె, గటక తెలిసిన నాలుకకు ఈ రుచి పరాయిది కాదు. ఓట్స్ నానితే జిగురుగా మారుతుంది, జొన్న అటుకు కాస్త పంటికి తగులుతుంది. రెండూ సగం సగం కలిపితే గిన్నె ముద్ద కాకుండా ఉంటుంది. ఇంట్లో ఉన్న జొన్నలను అటుకులు చేయడం మాత్రం సాధ్యం కాదు, అది మిల్లు పని. ఆర్మూర్ వైపు విత్తనాల కోసం పండించే ఎర్రజొన్నను గానీ, మందు పట్టించిన ఏ విత్తనాన్ని గానీ తిండికి వాడకూడదు.

వరి అటుకులు కూడా వేసుకోవచ్చు. బతుకమ్మ రెండో నాడు అటుకుల బతుకమ్మకు నైవేద్యం పెట్టే అటుకులే. కాకపోతే వాటిలో పీచు తక్కువ, పాలు తగలగానే మెత్తబడిపోతాయి. జొన్న అటుకులు దొరకని చోట దొడ్డు అటుకులు నాలుగో వంతు వరకు వేయొచ్చు. మక్క అటుకులు మాత్రం వద్దు. చుడువా కోసం అమ్మే అవి నూనెలో వేగితేనే పొంగుతాయి, లేకపోతే పళ్లు విరుగుతాయేమో అన్నంత గట్టిగా ఉంటాయి.

మరి పేలాలు? జొన్న పేలాలు వేస్తే మ్యూస్లీ తేలికగా, చూడముచ్చటగా ఉంటుంది. పిల్లలు ఇష్టపడతారు. కానీ పేలిన గింజలోని పిండి పదార్థం బాగా విచ్చుకుని ఉంటుంది కాబట్టి త్వరగా అరిగి, రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. నొక్కిన అటుకుల కన్నా ఈ వేగం ఎక్కువ. పైగా గిన్నె నిండా ఉన్నట్టు కనిపించినా తూకానికి రావు. షుగర్ ఉన్నవారు పేలాలను పైన చల్లుకునే అలంకారంగానే ఉంచుకోవాలి.

గింజల్లో జాగ్రత్తలు

నువ్వులు జగిత్యాల, నిజామాబాద్ వైపు యాసంగిలో బాగా పండుతాయి. జగిత్యాల పక్కనున్న పొలాస పరిశోధన స్థానంలో నువ్వుల రకాల మీద ప్రత్యేకంగా పని జరుగుతుంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు సుమారు ఒక గ్రాము కాల్షియం ఉంటుంది. మెరిసే తెల్ల నువ్వుల్లో, అంటే పొట్టు తీసినవాటిలో, అందులో చాలావరకు పోతుంది. పొట్టులోని ఆక్సలేట్ల వల్ల ఆ కాల్షియం మొత్తం ఒంటికి పట్టదన్నది కూడా నిజమే. అయినా సకినాల్లో వేసే ముడి నువ్వులే మ్యూస్లీకీ మంచివి, వాసన కూడా వాటికే బాగుంటుంది.

అవిసె గింజల విషయంలో చాలా ఇళ్లలో ఒకే పొరపాటు జరుగుతుంది. గింజలను అలాగే వేస్తారు. అవిసె పొర గట్టిది, నున్నగా జారిపోతుంది. నమలకుండా మింగితే లోపలికి ఎలా వెళ్లిందో అలాగే బయటికి వస్తుంది. ఒమేగా-3 కొవ్వు కోసం తింటున్నామనుకుంటే ఆ కొవ్వు ఒంటికి అందనే అందదు. పోనీ పొడి చేసి నెలకు సరిపడా దాచుదామంటే అదే కొవ్వు గాలి తగిలి కనరు వాసన పడుతుంది. వేయించిన అవిసెలను వారానికి సరిపడా మాత్రమే బరకగా పట్టి, ఫ్రిజ్‌లో చిన్న సీసాలో పెట్టుకుని, తినేటప్పుడు ఒక స్పూను వేసుకోవడం తేలికైన దారి.

పల్లీల్లో చూడాల్సింది బూజు. కాయ దశలో నీళ్లు అందకపోయినా, కోశాక తడి ఆరకపోయినా పల్లీల మీద ఆస్పర్జిల్లస్ అనే బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. మక్కలకూ ఈ సమస్య ఉంది. ఇది కాలేయానికి హాని చేస్తుంది, వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, నల్లబడినవి, చేదు తగిలినవి ఏరి పారేయాలి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో రైతు దగ్గర బస్తా కొన్నా, సందులోని కిరాణాలో పావు కిలో కొన్నా, పళ్లెంలో పోసి ఏరే పది నిమిషాలు తప్పనిసరి. మిగతా పనిలో ఎక్కడైనా తొందరపడొచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

గుమ్మడి గింజలు, సారపప్పు, కుడుక తురుము ఇష్టాన్ని బట్టి. ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చే సారపప్పు దొరికితే కొద్దిగా వేసినా గుమగుమలాడుతుంది. కుడుకలో సంతృప్త కొవ్వు ఎక్కువ, అందుకే చారెడు చాలు.

ఒక కిలోకు కొలత

ఇది ఒక కిలో పొడి మిశ్రమం లెక్క. రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు, జొన్న అటుకులు 300 గ్రాములు, పుట్నాలు 100, పల్లీలు 120, బాదం 50, నువ్వులు 50, అవిసెలు 40, గుమ్మడి గింజలు 40. అవిసెలను మాత్రం డబ్బాలో కలపకుండా, పైన చెప్పినట్టు పొడిగా విడిగా ఉంచాలి. మొత్తం పది వంతుల్లో ధాన్యం ఆరు వంతులు, పప్పు ఒక వంతు, నూనె గింజలు మూడు వంతులు. ఈ పాళ్లు చెడకుండా లోపలి వస్తువులను ఎలాగైనా మార్చుకోవచ్చు. బాదం బదులు పల్లీలే 170 గ్రాములు వేసినా పోషకాల్లో పెద్ద నష్టం లేదు.

నూనె గింజలు మూడు వంతులు దాటనివ్వకూడదు. అవి ఎంత మంచివైనా గ్రాముకు ధాన్యం కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు కేలరీలు ఇస్తాయి. రుచిగా ఉన్నాయని సగం గింజలే వేసి, అదే పెద్ద గిన్నెతో తింటే బరువు తగ్గాలని మొదలుపెట్టిన పని బరువు పెంచుతుంది.

ఒక పూటకు 50 గ్రాములు. వంటింటి త్రాసు ఉంటే మొదటి వారం తప్పకుండా తూచాలి, ఆ తర్వాత చేతికే అలవాటవుతుంది. ఈ 50 గ్రాముల్లో సుమారు 220 కేలరీలు, 8 గ్రాముల ప్రోటీన్, 5 గ్రాముల పీచు ఉంటాయి. 150 మిల్లీలీటర్ల పాలు కలిస్తే ప్రోటీన్ 13 గ్రాముల దాకా వెళ్తుంది. ఒక జామకాయ ముక్కలు వేస్తే పీచు దాదాపు రెట్టింపు అవుతుంది. కిలోతో ఇరవై పూటలు, ఇద్దరున్న ఇంటికి పది రోజులు. అంతకన్నా ఎక్కువ ఒకేసారి చేయడం ఈ ప్రాంతపు వాతావరణంలో అంత మంచిది కాదు. ఎందుకో చూద్దాం.

తేమతో పేచీ

అసలు మ్యూస్లీలో వేయించే పనే లేదు. బిర్చర్ గిన్నెలో ఓట్స్ పచ్చివే. చల్లటి, పొడి వాతావరణంలో అది నడుస్తుంది. వానాకాలంలో అప్పడాలు డబ్బాలోనే మెత్తబడే చోట నడవదు. ఇక్కడ వేయించడం రుచికి ఎంత అవసరమో తేమ తీయడానికి అంత అవసరం. నూనె చుక్క లేకుండా, మందపాటి మూకుడులో, సన్న మంట మీద.

అన్నీ కలిపి ఒకేసారి వేయిస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది. కానీ పల్లీలు వేగేసరికి నువ్వులు మాడిపోతాయి. గింజ సైజు, అందులోని నూనె వేరు కాబట్టి దేనికి పట్టే సమయం దానిదే. పల్లీలు పొట్టు వదిలే దాకా, సుమారు ఎనిమిది, పది నిమిషాలు. బాదం ముక్కలకు ఐదారు నిమిషాలు. ఓట్స్, జొన్న అటుకులు విడివిడిగా నాలుగైదు నిమిషాలు, రంగు మారక్కర్లేదు, వేళ్ల మధ్య నలిపితే పుటుక్కున విరగాలి. నువ్వులు చిటపటమన్న వెంటనే దించేయాలి, మూకుడు వేడికే ఇంకా వేగుతాయి. అవిసెలూ అంతే. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి ఊరికే వేడి చూపిస్తే చాలు.

చల్లార్చడం దగ్గర ఓపిక కావాలి. వేడి మీద ఉన్నప్పుడు గింజ నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పోసి మూత పెడితే ఆ ఆవిరి మూతకు నీటి బిందువులై, తిరిగి గింజల మీదే పడుతుంది. ఇంత కష్టపడి తీసిన తేమ మళ్లీ లోపలికి చేరినట్టే. వెడల్పు పళ్లేల్లో, ఉతికిన నూలు గుడ్డ మీద పలచగా పరిచి, చేత్తో పట్టుకుంటే పూర్తిగా చల్లగా తగిలే దాకా ఆగాలి. పాత పేపర్ల మీద ఆరబోసే అలవాటు మానాలి, అచ్చు సిరాలోని రసాయనాలు తిండికి అంటుతాయి.

తర్వాతి పొరపాటు కిస్మిస్, ఖర్జూరం ముక్కలు ముందే కలిపేయడం. ఎండు పండు చూడటానికి ఎండినట్టున్నా అందులో నీళ్లు ఇంకా పదిహేను, ఇరవై శాతం ఉంటాయి. వేగిన అటుకులో మూడు, నాలుగు శాతం ఉంటే ఎక్కువ. రెంటినీ ఒకే డబ్బాలో మూస్తే తేమ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు నడుస్తుంది. వారం తిరిగేసరికి అటుకు మెత్తబడుతుంది, కిస్మిస్ రాయిలా గట్టిపడుతుంది. ఒకేసారి రెండూ పాడైనట్టు. ఎండు పండ్లను వేరే సీసాలో ఉంచి, తినేటప్పుడే వేసుకుంటే ఈ గొడవ ఉండదు. కంపెనీలు దీనికోసం పండ్లకు చక్కెరో నూనెనో పూతగా పట్టిస్తాయి. ఇంట్లో ఆ అవసరం లేదు, రెండో సీసా ఉంటే చాలు.

ఎండాకాలం శత్రువు వేరు. మేలో వరంగల్ 40 డిగ్రీలు దాటి మండుతున్నప్పుడు గాలిలో తేమ ఉండదు, కానీ వేడికి గింజల్లోని నూనె గాలితో కలిసి త్వరగా కనరు పడుతుంది. వేగిన గింజకు పచ్చి గింజ కన్నా ఈ బెడద ఎక్కువ. ఆ నెలల్లో సగం కొలతే చేసుకోవాలి, లేదా వేయించిన గింజలను ఫ్రిజ్‌లో పెట్టి ధాన్యాన్ని మాత్రమే బయట ఉంచాలి. పొయ్యి పక్క షెల్ఫులో డబ్బా పెట్టకూడదు. మూత తీయగానే పాత పెయింటు లాంటి వాసన, నాలుక మీద గొంతు పట్టే చేదు తగిలితే ఆ డబ్బా తినదగ్గది కాదు. మళ్లీ వేయించినా ఆ పాడు పోదు.

బెల్లం, తేనె

మేడారం జాతరలో బెల్లాన్ని బంగారమని పిలిచి సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లించే నేల ఇది. ఇక్కడ బెల్లం మీద గౌరవం ఉండటం సహజం. ఆ గౌరవం వల్లే చక్కెర బదులు బెల్లం వేశాం కాబట్టి ఎంత వేసినా ఫర్వాలేదన్న నమ్మకం కూడా పాతుకుపోయింది. బెల్లంలో కొద్దిగా ఖనిజాలు ఉన్న మాట నిజమే. కానీ దాని బరువులో అత్యధిక భాగం చక్కెరే, రక్తంలో చక్కెరను పెంచడంలో తేడా ఏమంత లేదు. తేనె కూడా అంతే. ఒక టేబుల్ స్పూను తేనె 20 గ్రాములు తూగుతుంది, అందులో 17 గ్రాముల దాకా చక్కెర. పైనుంచి కలిపే తీపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదనీ, 5 శాతం లోపు, అంటే సుమారు 25 గ్రాములకు మించకపోతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తేనె ఈ లెక్కలోకే వస్తుంది. ధారగా ఒక స్పూను పోసుకుంటే పొద్దున్నే రోజు కోటాలో ముప్పావు వంతుకు దగ్గరపడుతుంది, ఆ తర్వాత రెండు టీలు తాగాల్సే ఉంది.

ఎండు పండ్లలో సహజంగా ఉండే చక్కెరను ఆ సంస్థ ఇందులో లెక్కించదు. అయినా కిస్మిస్ బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. గిన్నెకు పది గ్రాములు, అంటే పదిహేను, ఇరవై గింజలు మించకూడదు. ఉట్నూర్ వైపు ఎండిన ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తారు. ఆ పువ్వును దోరగా వేయించి కిస్మిస్ బదులు వేసుకుంటే రుచి ప్రత్యేకంగా ఉంటుంది, కొలత మాత్రం అదే.

మిశ్రమంలో తీపి అసలు కలపకపోవడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. యాలకులు, దాల్చినచెక్క పొడి కలిపితే తియ్యటి వాసన వస్తుంది, తీపి ఉన్నట్టే అనిపిస్తుంది. తీపి పండు ఇస్తుంది. ఇంట్లో ఒకరికి షుగర్ ఉండి, ఇంకొకరు ఎదిగే పిల్లలైతే ఒకే డబ్బా ఇద్దరికీ పనికొచ్చేది ఇలా చేసినప్పుడే.

గిన్నెలోకి వచ్చాక

పొద్దున డబ్బాలోంచి తీసి వెంటనే చల్లటి పాలు పోసి తినేయడం ఒక అలవాటు. అది తప్పేం కాదు కానీ గట్టి గింజ అరగడానికి సమయం పడుతుంది, కొందరికి కడుపు ఉబ్బుతుంది. కనీసం అరగంట, వీలైతే రాత్రంతా నానితే మంచిది. సద్దన్నం తిని పెరిగిన ప్రాంతానికి రాత్రి నానబెట్టి పొద్దున తినడం కొత్త పాఠమా? రాత్రి 50 గ్రాముల మిశ్రమంలో అరగ్లాసు పెరుగు, కొద్దిగా నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు మెత్తగా, కాస్త పులుపుగా తయారవుతుంది. పల్లీలు, గుమ్మడి గింజలు పంటికి తగలాలనుకునేవారు వాటిని పొద్దున వేసుకోవచ్చు. చల్లటిది పడని ఇళ్లలో గోరువెచ్చని పాలు పోసినా నష్టం లేదు, కాస్త జావలా అవుతుంది అంతే.

బిర్చర్ గిన్నెలోని నిమ్మరసాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ధాన్యాల్లో, నువ్వుల్లో ఉన్న ఇనుమును ఫైటిక్ ఆమ్లం ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుకుంటుంది. విటమిన్ సి ఆ అడ్డును కొంత తగ్గిస్తుంది. రక్తహీనత ఎక్కువగా ఉండే ఆడవాళ్లకు, ఎదిగే ఆడపిల్లలకు ఇది చిన్న విషయం కాదు. నిమ్మరసం పాలలో పిండితే విరుగుతాయి, పెరుగులో అయితే ఇబ్బంది లేదు. అంతకన్నా మంచి దారి జామకాయ. వంద గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, నారింజకు దాదాపు నాలుగు రెట్లు.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు ఆపిల్ పండించి 2020లో అందరినీ ఆశ్చర్యపరిచాడు. అయినా మన గిన్నెకు ఆపిలే కావాలన్న పట్టుదల అక్కర్లేదు. చలికాలం జామ, రేగు. ఎండాకాలం జగిత్యాల మామిడి. తొలకరిలో నేరేడు. బతుకమ్మ పండుగ నుంచి దీపావళి దాటే దాకా సీతాఫలం. బొప్పాయి, అరటి ఏడాది పొడవునా. సీతాఫలం, మామిడి బాగా తియ్యనివి కాబట్టి ఆ రోజు కిస్మిస్ మానేయాలి. గిన్నెలో పండు బరువు మిశ్రమం బరువుకు రెట్టింపు ఉంటే బిర్చర్ పథ్యానికి కాస్త దగ్గరికి వచ్చినట్టు.

కొందరు జాగ్రత్తగా ఉండాలి. పల్లీలు, నట్స్ పడని వాళ్లు వాటిని పూర్తిగా వదిలేసి గుమ్మడి గింజలతో సరిపెట్టుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు గింజలు ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీ, బాదం గింజలుగా ఇస్తే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్ల వాటాను మిక్సీలో బరకగా ఒక తిప్పు తిప్పి ఇవ్వాలి. ఇంతకుముందు పీచు తక్కువ తినే అలవాటున్నవాళ్లు మొదటి వారం సగం గిన్నెతో మొదలుపెట్టి, నీళ్లు ఎక్కువ తాగాలి.

డబ్బా అడుగుకు వచ్చేసరికి పెద్ద గింజలు పైనే అయిపోయి, నువ్వులు, నలిగిన ఓట్స్, పుట్నాల పొడి మిగులుతాయి. ప్రతి రెండు రోజులకు డబ్బాను పక్కకు వంచి ఒకసారి కలిపితే ఇది తగ్గుతుంది. మిగిలిన పొడిని మాత్రం పారేయకూడదు. రెండు స్పూన్లు గోరువెచ్చని పాలలో కలిపి, అరటిపండు మెదిపి వేస్తే పళ్లు ఊడిన తాతలకు, నానమ్మలకు నమలకుండా తినగలిగే గిన్నె అవుతుంది.